వాన్‌ఆన్ కఱ్ఱవారధి – దూలముపై వ్రాసిన పేరు

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మాకు నియమించిన విషయము "వడ్రంగము – దాని పూర్వోత్తరములు" అని ఆహ్వానపత్రికలో అచ్చుపడినది. అంతటి విషయమును అరగంటలో చెప్పబూనుట చెఱువును చెంబుతో తోడుటవంటిది. కావున కార్యదర్శిగారి అనుమతిని పొంది, దానిని కుదించి, ఒక్క వారధిని గూర్చి మాత్రమే మనవి చేయదలచితిమి. ఆ వారధి మన గోదావరిమీదిది కాదు, కృష్ణమీదిది కాదు, అసలు మన దేశములోనిదే కాదు. చీనాదేశమునందు ఒక కొండపల్లెలోనిది. "చీనావారి వంతెనతో మన సభకేమి పని?" అని నిన్నటి రాత్రి విడిదిలో ఒక పెద్దలు మమ్మడిగిరి. వారు భోజనమునకు లేచుచుండిరి గనుక అప్పుడు సమాధానము చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాము.

చీనాదేశపు ఆగ్నేయభాగమున ఫుజియాన్, జెజియాంగ్ అను రెండు రాష్ట్రములు సముద్రము నానుకొని యున్నవి. ఆ రెంటి సరిహద్దున నున్నది కొండసీమ. అచ్చట చదునునేలకంటె లోయలు హెచ్చు. పల్లెకును పల్లెకును నడుమ ఏదో యొక ఏఱు పాఱుచుండును. వర్షము విస్తారము, తుపానులును తఱచు. శన్‌మూ అని వారు పిలుచు దేవదారువంటి నిటారైన చెట్టు ఆ కొండలమీద సమృద్ధిగా పెరుగును. ఏఱు దాటవలయును, చేతికందిన సరకు కఱ్ఱ. కఱ్ఱవంతెన వానకు నాని, ఎండకు పగిలి, కొలదియేండ్లలోనే పుచ్చిపోవును. కనుక వారు వంతెనకు ఇంటికప్పు వేసిరి. దూరమునుండి చూచినవారికి నీటిమీద ఒక పొడవైన పెంకుటిల్లు నిలిచినట్లు తోచును. లోపల నడుమ దారి, ఇరుప్రక్కల స్తంభముల నడుమ కూర్చుండుటకు బల్లలు. పెక్కు వారధులలో మధ్యభాగమున చిన్న దేవుని గూడు కూడ నుండును. వానపడినపుడు బాటసారికి అది సత్రము, వేసవిలో ముదుసళ్లకు రచ్చబండ.

ఆ కప్పు గొడుగువంటిది మాత్రమే యని తలపరాదు. దాని బరువు క్రిందనున్న కమానును అదిమి పట్టును. అదిమినకొలది కమానులోని దూలములు ఒకదానినొకటి గట్టిగా కఱచుకొనును. కప్పు తీసివేసినచో వంతెనకు తేలికయగుటకు మాఱు బలహీనత కలుగును. భారమే బలమగుట ఈ కట్టడమునందలి మర్మము.

ఇచ్చట కొంచెము పనితనము చెప్పక తప్పదు. వడ్రంగము చేయని కంసాలి, కమ్మరి, కంచరి, శిల్పి సోదరులు రెండు నిమిషములు ఓర్పు వహింపవలయును. లోయ వెడల్పు ఒక్క దూలమునకు అందదు. అందుచే ఈ గట్టునుండి ఒక వరుస దూలములను ఏటవాలుగా పైకి నిలుపుదురు; ఆ గట్టునుండి మఱియొక వరుస. ఈ రెండు వరుసల కొనల నడుమ మూడవ వరుసను అడ్డముగా పరుండబెట్టుదురు. ఇది మూడు ముక్కల కమాను. ఇది యొంటరిగా నున్నచో ఊగును. కనుక దాని సందులలోనుండి ఐదు ముక్కల కమానును మఱియొకదానిని దూర్చుదురు. దూలముల కొనలు కలియుచోట నిలువుకు అడ్డముగా ఒక బలిసిన దూలము. దానిని ఆ దేశపు వడ్రంగులు 'ఎద్దుతల' అందురు. ఒక కమానుయొక్క ఎద్దుతల రెండవ కమానుయొక్క దూలములమీద ఆనియుండును. చాపలో ఒక పుల్ల పైకి, ఒక పుల్ల క్రిందికి పోయినట్లు, ఇచ్చట మానులు పోవును. ప్రతి మాను తిన్ననిదే, ఒక్కటియు వంచినది కాదు. అయినను వచ్చిన రూపము వంపు. మన పల్లెలలో ఇద్దరు పిల్లలు నాలుగు చేతులు మణికట్లవద్ద పెనవేసి కుర్చీగా పట్టి మూడవవానిని మోయు ఆట మన మందఱము ఆడినదే. కూర్చున్నవాడు బరువైనకొలది పట్టు బిగియును. ఇదియు నంతే.

ఈ విద్య యెంత ప్రాచీనమో తెలుపు చిత్రపటము ఒకటి కలదు. సుంగ్ రాజుల కాలమున, క్రీస్తుశకము 12వ శతాబ్దియందు, జాంగ్ జెదువాన్ అను చిత్రకారుడు బ్యన్‌జింగ్ రాజధానీనగరమును – అది నేటి కైఫెంగ్ – పొడవైన పటముగా వ్రాసెను. ఆ పటము నడుమ నదిపై స్తంభము లేని కఱ్ఱవంతెన యొకటి యున్నది. దూలములు అల్లియున్న తీరు అందు స్పష్టముగా కానవచ్చును. దానికి కప్పు మాత్రము లేదు. సుంగ్ రాజులతోనే ఆ విద్యయు అంతరించినదని విద్వాంసులు చాలకాలము నమ్మిరి. 20వ శతాబ్ది ఉత్తరార్ధమునగాని ఈ కొండసీమలోని వారధులు వారి కంటబడలేదు. పుస్తకములలో చచ్చినదని వ్రాసిన విద్య పల్లెటూరి వడ్రంగుల చేతిలో బ్రతికియే యుండెను. వడ్రంగి పుస్తకము వ్రాయడు, విద్వాంసుడు బాడిస పట్టడు. ఇద్దఱి నడుమ వంతెన లేకపోయినది.

జెజియాంగ్‌లో చింగ్‌యువాన్ సీమయందలి రులుంగ్ వారధి 1625లో కట్టబడినది. కట్టిన సంవత్సరము నిశ్చయముగా తెలిసి నేటికి నిలిచియున్న అల్లికకమాను వారధులలో అదియే మిక్కిలి పాతది. మేము చెప్పదలచినది దానిని గూర్చి కాదు. ఫుజియాన్‌లో పింగ్‌నాన్ సీమయందు చాంగ్‌చియావ్ అను ఊరు కలదు. ఆ పేరునకు అర్థమే పొడవువంతెన. వంతెనను బట్టి ఊరికి పేరు వచ్చినది. ఆ వంతెన పేరు వాన్‌ఆన్. అనగా 'సర్వక్షేమము' అని చెప్పవచ్చును. దాని పొడవు 98.2 మీటర్లు, మన లెక్కలో సుమారు 322 అడుగులు. వెడల్పు సుమారు 15 అడుగులు. అచ్చట ఏఱు మిక్కిలి వెడల్పగుటచే ఒక్క కమాను చాలదు. పడవ ముక్కువలె మొనదేల్చిన ఐదు రాతిదిమ్మలను నీటిలో నిలిపి, వానిపై ఆఱు కమానులు వేసిరి. ఆ జాతి వారధులలో అంత పొడవైనది ఇంకొకటి నిలిచియుండలేదు.

ఒక రాతిదిమ్మమీద శాసన మొకటి కలదు. అది 1090వ సంవత్సరమునాటిది. జియాంగ్ వంశపు గృహస్థు డొకడు గతించిన తలిదండ్రుల పుణ్యముకొఱకును, తన యింటిల్లిపాది క్షేమముకొఱకును, 13 సరముల నాణెములును, 34 కొలల ధాన్యమును ఇచ్చి, ఆ దిమ్మను కట్టించెనని అందున్నది. నాణెముల నడుమ తూటు పెట్టి త్రాట గ్రుచ్చుట ఆ కాలపు ఆచారము; ఒక్కొక్క సరము పేరునకు వేయి నాణెములు. దాత పేరు, సొమ్ము, ధాన్యము, సంవత్సరము, నెల, అన్నియు శిలపై నున్నవి. రాయి తొలిచినవాని పేరు లేదు. దీనిని మేము తప్పుగా ఎంచి చెప్పుట లేదు. దాత లేనిదే దిమ్మ లేదు. అయినను ఈ సంగతిని సభవారు కొంచెము జ్ఞాపకముంచుకొనవలయును. మఱల దీనియొద్దకు వచ్చెదము.

రాతిదిమ్మలు తొమ్మిదివందల యేండ్లు నిలిచినవి. పైనున్న కఱ్ఱవారధి యట్లు నిలువలేదు. దొంగలు నిప్పు పెట్టిరి, వఱదలు వచ్చినవి. 1742లో మఱల కట్టిరి. 1845లో మఱల కట్టిరి. 1932లో మఱల కట్టిరి. 1952నాటి వఱదలో ఒకకొనయందలి కమానులు కొట్టుకొనిపోగా 1954లో వానిని నిలిపిరి. పోయినప్పుడెల్ల కట్టగలిగిన చేతులు ఆ ప్రాంతముననే యుండుటచేత అది మఱల మఱల లేచినది.

ఆ చేతులెవ్వరివి? చాంగ్‌చియావ్‌లో హ్వాంగ్ అను వంశమువారు తరతరములుగా వారధులు కట్టు వడ్రంగులు. వారికి సమీపమున జౌనింగ్ సీమయందు జాంగ్ వంశమువారు అట్టివారే. తండ్రి కొడుకునకు, పినతండ్రి అన్నకొడుకునకు, గురువు శిష్యునకు, నోటిమాటచేతను చేతిపనిచేతను నేర్పుచు వచ్చిరి. పనికి పూనుకొనుటకు ముందు ఊరివారికిని ప్రధానశిల్పికిని ఒప్పందపత్రము వ్రాయబడెడిది. జాంగ్ వంశమువారు అట్టి పత్రములను కొన్నిటిని కాపాడుకొనిరి. వడ్రంగముయొక్క ఆదిగురువు లూబాన్ అని చీనా వడ్రంగులు పూజింతురు. మనము విశ్వకర్మభగవానుని పూజించునట్లే యని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక మేము ఇంతదూరము మిమ్ము తీసికొనివచ్చినది ఎందులకో చెప్పెదము. ఆ వారధుల ప్రధానశిల్పిని వారు 'జూమో' అందురు. జూ అనగా ప్రధానము, మో అనగా మసి. మసిలో ముంచిన నూలును దూలముపై సాగదీసి, ఒక్కమాఱు లాగి విడిచి, గీత వేయుట మన వడ్రంగులకును నిత్యకృత్యమే. పని యంతయు ఆ గీతను బట్టియే నడచును. రంపము దానిని దాటరాదు, ఉలి దానిని మీఱరాదు. నూలు వేయువాడే యజమాని. అందుచే ఆ నూలు మసిపేరే ఆతని బిరుదమైనది. వారధి పూర్తియైనప్పుడు, కప్పుక్రింది దూలములమీద, అదే మసితో పేర్లు వ్రాయుదురు. చందా ఇచ్చినవారి పేర్లు వ్రాయుదురు. కట్టించిన పెద్దల పేర్లు వ్రాయుదురు. ప్రధానశిల్పి ఎవ్వరో, ఏ యూరివాడో, ఆతనికి తోడైనవారెవ్వరో అదియు వ్రాయుదురు. తల యెత్తి చూచిన ప్రతి బాటసారికి ఆ పేర్లు కనబడును. ఏ వారధిని ఎవరు కట్టిరో, ఏ గురువునకు ఏ శిష్యుడో, ఏ వంశము ఏ లోయనుండి ఏ లోయకు పోయి పనిచేసినదో నేటి పరిశోధకులు ఆ దూలములు చదివియే కూర్చుచున్నారు.

ఆ మసివ్రాతకు ఎంత ఖర్చు? ఒక కుంచె, గుక్కెడు మసి. అంతే.

ఈ వంశములకును చెడ్డకాలము రాకపోలేదు. 1960 తరువాత కొండలకు బాటలు పడినవి, లారీలు వచ్చినవి, కాంక్రీటు వచ్చినది. లారీ పోవుటకు కాంక్రీటువంతెనయే మేలు. ఇందులో వడ్రంగి పౌరుషమునకు పోరాదు. పెద్దమానులు దుర్లభములైనవి. కఱ్ఱవారధి కట్టుమని అడుగువారు లేకపోయిరి. హ్వాంగ్ వంశమున 1936లో పుట్టిన హ్వాంగ్ చున్‌త్సాయి బాల్యముననే తండ్రివద్ద ఈ పని నేర్చి, యౌవనముననే వారధులు కట్టి, ఆ పిమ్మట ఏండ్ల తరబడి వారధిపని లేక వేఱుపనులతో కాలము గడపవలసి వచ్చెను. ఈ శతాబ్ది ఆరంభమున పరిశోధకులు, ప్రభుత్వమువారు వెదకికొని పోవునప్పటికి, ఆ సీమయందంతటను ఈ పని యావత్తు ఎఱిగిన వృద్ధులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మాత్రమే మిగిలియుండిరి. ఆయన మఱల నూలు పట్టెను; కొడుకులకు నేర్పెను. ప్రభుత్వము ఆయనను ఈ విద్యకు జాతీయస్థాయి వారసునిగా గుర్తించినది. 2009లో యునెస్కో సంస్థవారు ఈ వారధినిర్మాణవిద్యను, వెంటనే కాపాడకున్న నశించునట్టి విద్యల పట్టికలో చేర్చిరి. 2024లో దానిని ఆ పట్టికనుండి తీసి, మానవజాతి సాంస్కృతికవారసత్వపు సాధారణపట్టికలోనికి మార్చిరి. రోగిని ప్రమాదపుగదినుండి మామూలుగదికి మార్చినట్లన్నమాట.

ఈ రెండు సంవత్సరముల నడుమనే వాన్‌ఆన్ వారధికి కడపటి గండము వచ్చినది. 2022 ఆగస్టు 6వ తేది రాత్రి అది అంటుకొన్నది. ఎండిన దేవదారుజాతి కఱ్ఱ, పైన కప్పు, క్రింద గాలి. పొయ్యి పేర్చినట్లే యున్నది. చూచుచుండగనే నిమిషములమీద కూలి ఏటిలో పడినది. ప్రాణనష్టము కలుగలేదు. తెల్లవాఱునప్పటికి నీటిలో రాతిదిమ్మలు మాత్రము నిలిచియుండెను. 1090లో తలిదండ్రుల పేర కట్టించిన దిమ్మయు అందులో నున్నది.

ఆ వార్త చదివిన దినమున మేమును ఇక అయిపోయినదనుకొంటిమి. కాలేదు. ఆ దిమ్మలమీదనే, ఆ కొలతలతోనే, మఱల వారధి లేచినది. దాని నూలు వేసినవారు హ్వాంగ్ వంశపువారే. అగ్నిహోత్రుడు కఱ్ఱను తినెనుగాని కొలతను తినలేకపోయెను.

జెజియాంగ్‌లోని తాయ్‌షున్ సీమయందును ఇట్టిదే జరిగినది. 2016 సెప్టెంబరు 15వ తేదిని మెరాంటి యను తుపానువలన ఒక్కదినముననే మూడు పురాతన వారధులు వఱదలో కొట్టుకొనిపోయినవి. ఆ యూళ్లవారు ఏటివెంబడి దిగువకు పోయి, బురదలోను ఇసుకలోను చిక్కిన దూలములను వెదకి, మోసికొనివచ్చి, వడ్రంగులకు అప్పగించిరి. పెద్దదూలములలో అధికభాగము దొరకినది. మరుసటి యేడు 2017లో, ఏ దూలము చోట ఆ దూలమునే పెట్టి, మూడు వారధులను నిలిపిరి. మన యూరిలో దేవాలయపు తలుపు వఱదలో పోయినచో ఎంతమంది పోయి వెదకుదురో ఎవరికివారు ఆలోచించుకొనవలయును.

చీనావారి దంతయు మేలని చెప్పుటకు మేము రాలేదు. వారి వంశములలో ఒక దోష మున్నది. మనలోను అది కలదు. వారును విద్యను చాలకాలము ఇంటిలోనే దాచిరి. వంశము వెలుపలివానికి, నమ్మి చేరిన శిష్యునికి దక్క, నేర్పలేదు. అందుచే ఒక యింట కొడుకు వేఱుదారి పట్టినచో ఆ యింటి విద్య అంతటితో సరి. హ్వాంగ్‌వారి యింట కొడుకులు నిలిచిరి గనుక వాన్‌ఆన్ నిలిచినది. నిలువని యిండ్ల మాట ఎవరు చెప్పగలరు? మన పెద్దలును "పనిమరుగు పరులకు చెప్పరాదు" అనిరి. ఆ కాలమునకు అది యన్నమును కాపాడిన మాట. అన్నము నేడు ఆ దారిని వచ్చుట లేదు. మన బిడ్డలు యంత్రవిద్యలు చదివి హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. అది మనకు ఆనందమే. వారిని వెనుకకు పిలిచి బాడిస చేతికిమ్మని మేమెన్నడును అనము. వారి తాతకు తెలిసినది వారితోపాటు పోకుండ ఏమి చేయవలయునన్నది మాత్రమే మా ప్రశ్న.

ఇక ఇంటికి వత్తము. పాలంపేటలోని రామప్పదేవాలయమును ఎఱుగనివారు ఈ సభలో నుండరు. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చినప్పుడు మన సంఘమువారు చాలచోట్ల మిఠాయిలు పంచిరి. అచ్చటి 1213నాటి శాసనమున ఆలయము కట్టించిన రేచర్ల రుద్రుని పేరు కలదు, ఆయన వంశము కలదు, కాకతీయ గణపతిదేవుని ప్రశంస కలదు. రామప్ప శిల్పి యని జనులు చెప్పుకొందురు. ఆ శిల్పి పేరే గుడికి వచ్చినదందురు. రుద్రుని పేరు శిలమీద నున్నది; రామప్ప పేరు జనుల నోట నున్నది. నోట నున్నది యెనిమిదివందల యేండ్లు నిలుచుట గొప్పదే. అయినను ఒక్క రామప్ప పేరు నిలిచిన, ఎన్ని పేర్లు నిలువలేదు!

అంతదూరము పోనేల? అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథము 2020 సెప్టెంబరు మొదటివారమున రాత్రివేళ దగ్ధమైనది. సుమారు 40 అడుగుల యెత్తుగల టేకురథము. అప్పటికి దానికి అఱువదియేండ్ల ప్రాయము. ఆ యుదయమున ఆంధ్రదేశమంతయు కన్నీరు పెట్టినది. కొన్ని నెలలలోనే క్రొత్తరథము సిద్ధమై, 2021 ఫిబ్రవరిలో స్వామి దానినెక్కెను. మన చేతులలో ఇంకను విద్య యున్నదనుటకు అది సాక్ష్యము. ఆ దినములలో పత్రికలు కాలిన రథముయొక్క ఎత్తు వ్రాసినవి, విలువ వ్రాసినవి, వయస్సు వ్రాసినవి. అఱువదియేండ్లక్రిందట దానికి నూలు వేసిన వడ్రంగి ఎవ్వరని మేము ఆ నాలుగునాళ్లు పదిమందినడిగితిమి. మన కులమువారినే అడిగితిమి. ఒకరును చెప్పలేకపోయిరి. ఆ సిగ్గు మాదియు.

ఇప్పుడు పోషకమహాశయులు మమ్ము క్షమింపవలయును. ప్రతి సంవత్సరమును మన మహాసభాసంచికలో మొదటి పుటలయందు దాతల చిత్రపటములు, వారి విరాళముల మొత్తములు అచ్చుపడును. అది న్యాయము. వాన్‌ఆన్ దిమ్మమీది దాతకు 13 సరములకే తొమ్మిదివందల యేండ్ల కీర్తి వచ్చినప్పుడు, మన భోజనశాలను, విద్యార్థివసతిగృహమును నడుపుచున్న దాతలకు ఒక పుట యెక్కువ కాదు. మా మనవి యేమనగా, ఆ పుటల వెనుక నాలుగు పుటలు విడువవలయును. ఏ యూరి రథము, ఏ గుడి వాహనము, ఏ యింటి ద్వారబంధము ఎవరు చెక్కిరి, వారికి నేర్పినవారెవరు, వారినుండి నేర్చినవారెవరు, తెలిసినంతవఱకు ప్రతి తాలూకానుండి వ్రాసి పంపవలయును. వడ్రంగమునకు మాత్రమే కాదు, పంచవృత్తులకును. కొలతలు చెప్పగల వృద్ధులున్నచో వారి యెదుట కూర్చుండి, మన యువకులు చేతిలో నెప్పుడును పట్టుకొని తిరుగు ఆ ఫోనుతోనే వారి మాటను పట్టి యుంచవలయును. ఖర్చు లేదు. నూలుమసి యంత ఖర్చును లేదు. తీర్మానము ప్రతిపాదించుటకు మాకు అధికారము లేదు. కార్యనిర్వాహకవర్గమువారు రేపటి కూటమిలో దీనిని ఆలోచింతురని ఆశించుచున్నాము.

ఇంత గట్టిగా చెప్పుటకు మా యింటి సంగతియే కారణము. మా పెదతాతగారు రథములు, వాహనములు చేసినవారు. వారికి ఒక కొలకఱ్ఱ యుండెడిది. టేకుకఱ్ఱ, మూరెడుకంటె కొంత పొడవు, రెండుకొనలను ఇత్తడి తొడుగులు. నాలుగు ప్రక్కలను గాట్లు. ఏ ప్రక్క గాట్లు ఆ ప్రక్కవి, ఒకదానికొకటి సరిపోవు. ఒక ప్రక్క చక్రమునకనియు, ఒక ప్రక్క స్తంభమునకనియు మేము చిన్నతనమున విన్నట్లు జ్ఞాపకము. తక్కిన రెండును దేనికో మేమడుగలేదు. అడుగవలసిన వయస్సున మాకు పరీక్షలుండెను. వారు గతించి నలువదియేండ్లు దాటినది. ఆ కఱ్ఱ చాలకాలము మా పెరటిలో దండెమునకు ఊతగా నుండెను. మా యింటి ఆడవారు దానిమీద తడిబట్టలు ఆఱవేసిరి. తప్పు వారిది కాదు. అది యేమో చెప్పినవారు లేరు. గాట్లలో కొన్ని అరిగిపోయినవి. రెండవ ప్రక్కను ఏడవ గాటువద్ద, గోటితో తడవినగాని తెలియనంత సన్నముగా, ఏవో మూడక్షరములు చెక్కియున్నవి. అవి వారి పేరు కాదు. వారి గురువు పేరై యుండవచ్చునని మా యూహ.

ఆ కఱ్ఱను ఈ దినము సభకు తెచ్చితిమి. వేదికకు కుడిప్రక్కను, పుస్తకముల బల్లమీద, తెల్లని గుడ్డపై ఉంచబడినది. మధ్యాహ్న భోజనానంతరము మేమచ్చటనే కూర్చుండెదము. రథపుపని యెఱిగిన పెద్దలు, ముఖ్యముగా డెబ్బదియేండ్లు దాటినవారు, దయచేసి ఒక్కమాఱు వచ్చి దానిని చేతిలోనికి తీసికొని చూడవలయునని ప్రార్థించుచున్నాము. చూపు ఆననివారు గాట్లను వ్రేళ్లతో తడవి చెప్పినను చాలును. వ్రాసికొనుటకు కాగితము, కలము మాయొద్ద నున్నవి.